ఫొటోకి దారి చెప్పకండి, పేరు పెట్టండి

[తెర మీద: కిటికీలోంచి రుషికొండ సముద్రం, ముందు లాప్‌టాప్]

హలో అండీ, వైజాగ్ నుంచి. ఈ రోజు ఆక్సిజన్ ఎక్స్‌ఎంఎల్ అనే ఎడిటర్‌లో, డీటా టాపిక్‌లోకి ఫొటోని కీ రిఫరెన్స్‌తో, అంటే ఫైల్ దారి బదులు ఒక పేరుతో, ఎలా పెట్టాలో చూద్దాం. డీటా అంటే మాన్యువళ్లని చిన్న చిన్న ముక్కలుగా రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి, ఒక్కో ముక్క ఒక టాపిక్. ముందు నా గోల ఒకటి వినండి.

ఒక శుక్రవారం సాయంత్రం, అందరూ బీచ్‌కి బయల్దేరే టైమ్‌లో, ఒక క్లయింట్ కొత్త లోగో పంపాడు. పాతది పిఎన్‌జి రకం ఫైల్, కొత్తది ఎస్‌వీజీ రకం, ఫైల్ పేరూ వేరే. ఏముంది, ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేద్దాం అనుకున్నా. కానీ కొన్ని టాపిక్‌లు ఒక ఫోల్డర్ లోపల, కొన్ని రెండు ఫోల్డర్ల లోపల ఉన్నాయి, దాంతో ఒకే ఫొటోకి దారి, అంటే ఫైల్ ఎక్కడుందో చెప్పే అడ్రస్, ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంది, నేను ఒక రకం మాత్రమే వెతికాను. రాత్రి పీడీఎఫ్ తీస్తే సగం పేజీల్లో పాత లోగో నన్ను చూసి నవ్వుతోంది.

తప్పు ఎక్కడంటే, ఫొటో ఎక్కడుందో ప్రతి టాపిక్‌లోనూ రాయడం. ఫోన్‌లో ప్లంబర్ నంబర్‌ని పేరుతో సేవ్ చేసుకుంటాం కదా, అతను సిమ్ మార్చినా మనం మార్చేది ఒక్కచోటే. కీ అంటే అదే. ఇది కొత్త సంగతేం కాదు, 2010లో వచ్చిన డీటా 1.2 నుంచీ ఉంది. అప్పటికే వాడి ఉంటే ఆ శుక్రవారం నేనూ బీచ్‌లో ఉండేవాణ్ణి.

[తెర మీద: మ్యాప్ ఫైల్]

మ్యాప్‌లో, అంటే ఏ టాపిక్‌లు ఏ వరసలో రావాలో చెప్పే ఫైల్‌లో, కీడెఫ్ అనే ట్యాగ్ పెట్టండి. 'కీస్' దగ్గర మీరిచ్చే పేరు, 'హెచ్‌రెఫ్' దగ్గర ఫైల్ దారి, 'ఫార్మాట్' దగ్గర పిఎన్‌జి. ఈ ఫార్మాట్‌ని చాలామంది వదిలేస్తారు, అప్పుడు పబ్లిష్ చేసే టూల్ ఫొటోని కూడా టాపిక్ అనుకుని చదవబోయి తిట్టే అవకాశం ఉంది. పేరు ఆ వస్తువుని బట్టి పెట్టండి: 'పంపు-ముందువైపు' అనండి, 'ఫొటో-కొత్తది-ఫైనల్-2' అనకండి, ప్లీజ్. కీలో ఖాళీలు ఉండకూడదు, ఇంగ్లీషులో పెడితే పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ వేర్వేరు అని గుర్తుంచుకోండి.

[తెర మీద: డీటా మ్యాప్స్ మేనేజర్, రూట్ మ్యాప్ పెట్టె మీద ఎర్ర గీత]

ఇక్కడే నాకు ఎక్కువ మెసేజ్‌లు వస్తాయి, 'అన్నా, కీల లిస్టు ఖాళీగా ఉంది' అని. టెన్షన్ వద్దు. కీలన్నీ మ్యాప్‌లో ఉంటాయి, టాపిక్‌కి తన మ్యాప్ ఏదో దానంతట అదే తెలీదు, కాబట్టి ఆక్సిజన్‌లోని డీటా మ్యాప్స్ మేనేజర్ అనే ప్యానెల్‌లో రూట్ మ్యాప్, అంటే కీల కోసం చూడాల్సిన అసలు మ్యాప్, ఏదో మీరే ఎంచుకోవాలి. తప్పు మ్యాప్ ఉన్నా బాధే, లిస్టు నిండుగానే కనిపిస్తుంది కానీ అందులో మన కీ ఉండదు, మనం స్పెల్లింగ్ వెతుక్కుంటూ కూర్చుంటాం. ఇంకేదైనా అనుమానించే ముందు ఆ పెట్టె చూడండి.

ఇప్పుడు కర్సర్ పెట్టి, ఇమేజ్ బటన్ నొక్కి, వచ్చిన పెట్టెలో లొకేషన్ బదులు కీ ఎంచుకోండి, లిస్టులోంచి 'పంపు-ముందువైపు' తీసుకోండి, ఇన్సర్ట్. అంతే. టాపిక్‌లో 'ఇమేజ్' ట్యాగ్, దానికి 'కీరెఫ్' దగ్గర మన కీ పేరు, ఫైల్ దారి ఎక్కడా లేదు. ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటో చూడలేనివాళ్ల కోసం దాని వర్ణన, కూడా ఇక్కడే రాసేయండి, తర్వాత రాద్దాం అనుకుంటే ఎవరూ రాయరు, నేను కూడా.

ఒకే కీని మ్యాప్‌లో రెండుసార్లు ఇస్తే మొదటిదే చెల్లుతుంది. నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇంకోటి ఉంది. రెండు పంపు మోడళ్లకి టాపిక్‌లు అవే, రూట్ మ్యాప్‌లు మాత్రం రెండు, ఒక్కోదాంట్లో 'పంపు-ముందువైపు' ఒక్కో ఫొటోకి వెళ్తుంది. టాపిక్ ముట్టుకోనక్కర్లేదు.

[తెర మీద: లోగో కీడెఫ్‌లో హెచ్‌రెఫ్ మారుతోంది]

లోగో మారుద్దాం. హెచ్‌రెఫ్‌లో కొత్త ఫైల్, ఫార్మాట్ ఎస్‌వీజీ, సేవ్, పబ్లిష్. ఇదిగో పీడీఎఫ్. మొదటి పేజీ కొత్తది, రెండో పేజీ కొత్తది... ఆగండి, మూడో పేజీలో పాతది ఉంది. అది నేను అప్పట్లో దారి రాసి పెట్టింది, దాన్ని ఇప్పుడే కీకి మార్చేస్తా.