నడుము విరగ్గొట్టేది వయసు కాదు, పొట్టి పిడి!

నమస్తే అండీ! బెంగళూరు రామమూర్తినగర్ మిద్దె మీద నుంచి మీ ముందుకొచ్చేశాను. పోయిన వీడియో కింద మీరు చేసిన రచ్చ అంతా చదివాను. చూడనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. నడుము నొప్పి ఉన్నవాళ్ళు మిద్దెతోట మానక్కర్లేదు, పొట్టి పిడి బొరిగ (కలుపు గీరే చిన్న పనిముట్టు) మానండి అన్నాను. అంతే! సగం మంది "మా నాయనమ్మ రోజంతా వంగి నాట్లేసింది, ఆమెకి రాని నొప్పి నీకెందుకొచ్చింది" అని నా మీద పడ్డారు. మిగతా సగం "నడుము పోయాక ఇంకా మొక్కలెందుకు, మంచం మీద పడుకో" అన్నారు.

సరే, ఇవాళ ఇంకా గట్టిగా చెప్తా. మీ నడుము విరగ్గొడుతున్నది పొట్టి పిడి. వయసూ కాదు, వంకాయ మొక్కా కాదు. పొట్టి పిడి!

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి. నర్సరీలో టూల్స్ సెట్ అని రంగు కవర్లో పెట్టి అమ్మేది ఇదే. పిడి జానెడు. దీని మొన కింద కుండీలో మట్టికి తగలాలంటే మనిషి సగానికి మడత పడాలి. దీన్ని చేసినవాడు ఎప్పుడైనా కలుపు తీశాడా అని నా అనుమానం.

ఇప్పుడు నాయనమ్మ సంగతి. మాది మదనపల్లె వైపు. టమోటా కోతలకి వచ్చే ఆడవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. సాయంత్రం ట్రాక్టర్ ఎక్కేటప్పుడు ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, పళ్ళు బిగించి ఎక్కుతారు. వాళ్ళకి నొప్పి లేక కాదండీ, చెప్పుకుంటే రేపటి కూలి పోతుందని నోరు మూసుకుంటారు. మీ నాయనమ్మ కూడా నొప్పి రాలేదని మీతో చెప్పిందా, మీరు అడగలేదా?

అమెరికాలో కాలిఫోర్నియా కథ వినండి. అక్కడ లెట్యూస్ పొలాల్లో, బీట్ పొలాల్లో కూలీలకి పొట్టి పిడి పారలిచ్చేవాళ్ళు. వాళ్ళు దానికి "ఎల్ కోర్టిటో" అని ముద్దుపేరు పెట్టుకున్నారు, అంటే పొట్టోడు. పొట్టిదే ఎందుకంటే, ఎవరైనా నిటారుగా నిలబడితే పని ఆపేశాడని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది కదా! నడుములు పోయినవాళ్ళ తరఫున కేసు నడిచింది. 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ పార పొలాల్లోంచి పోయింది. ఒక పనిముట్టు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారండీ! మనమేమో అదే పనిముట్టుని డబ్బులిచ్చి కొనుక్కొచ్చి, రిబ్బను కట్టి గృహప్రవేశాలకి గిఫ్ట్ ఇస్తున్నాం.

"లెక్కలు చూపించు" అని కామెంట్ పెట్టిన అన్నకి ఇదిగో లెక్క. 1999లో జర్మనీలో ఒక మనిషి వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులోకే సెన్సర్ పెట్టి ఒత్తిడి కొలిచారు. మామూలుగా నిలబడితే 0.5 మెగాపాస్కల్. వీపు వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. నాలుగు రెట్లు దాటింది! అదే 20 కిలోలని ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. ఇప్పుడు మీ మిద్దె మీద 20 లీటర్ల పెయింట్ బకెట్ గుర్తు తెచ్చుకోండి. నిండా ఎర్రమట్టి, పైగా తడి. 30 కిలోలు దాటుతుంది. దాన్ని ఎండలోంచి నీడకి జరుపుదామని రెండు చేతులూ చాచి, వంగి, లాగుతారు. ఇంకేం, పట్టేస్తుంది.

మంచం ఎక్కమన్నవాళ్ళకి ఒక్క మాట. మామూలు నడుము నొప్పికి పడుకోవద్దు, కదులుతూ ఉండండనే ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. కాలు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం నా వీడియో ఆపి ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇంకో సంగతి, ఇది చెప్తే మళ్ళీ తిడతారు. పొద్దున ఆరింటికే లేచి కలుపు తీయకండి! రాత్రంతా పడుకుని ఉంటే డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేవగానే మనం కొంచెం పొడుగ్గా కూడా ఉంటాం. అప్పుడు వంగితే వాటి మీద మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. లేచిన గంటదాకా పైపుతో నీళ్ళు పట్టుకోండి, కాఫీ తాగండి, పక్కింటి మిద్దె మీద వాళ్ళ గోంగూర చూసి కుళ్ళుకోండి. వంగే పని సాయంత్రానికి పెట్టుకోండి. బెంగళూరులో సాయంత్రం చల్లగాలికి కరువా?

అసలు నాకు మండేది ఎక్కడంటే, తెలుగువాళ్ళం నొప్పులకి మందు కనిపెట్టాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పసుప్పచ్చ డబ్బా అమ్మిన డబ్బులే ఆంధ్రపత్రికకి అండగా నిలిచాయి. అంత గొప్ప జాతికి పార పిడి ఇంకో మూడడుగులు పొడుగు చేసుకోవడం మాత్రం తోచలేదు!

నేనేం చేశానో చూడండి. ఇదే బొరిగ. జానెడు పిడి పీకేసి, వెల్డింగ్ షాపులో సన్న ఇనుప పైపు అతికించమన్నాను. అతను తమిళం, నేను తెలుగు, మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన కన్నడ. పొట్టి బొరిగకి ఇంత పైపేంటని నన్ను ఎగాదిగా చూశాడు. నిటారుగా నిలబడితే పైపు చివర నా ఛాతీ దాకా వస్తుంది. చేత్తో పట్టుకునే చోట సైకిల్ హ్యాండిల్ తొడుగు ఎక్కించాను, చెమటకి జారదు. ఇదిగో గీరుతున్నాను, చూశారా? వీపు వంగిందా?

రెండోది, కుండీలని లేపండి. వంటింటి గట్టు ఎంత ఎత్తుందో అంత ఎత్తున ఇనుప స్టాండు. మట్టిలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కంపోస్టు ఎక్కువ కలపండి, బరువు బాగా తగ్గుతుంది. స్టాండ్లన్నీ మిద్దె మధ్యలో పెట్టకుండా గోడల వెంబడి పెట్టండి. మా ఓనర్ అంకుల్ స్టాండ్లు చూడగానే మెట్లెక్కి వచ్చి "నీరు సోరుత్తె, నీరు సోరుత్తె" అని, అంటే నీళ్ళు కారతాయని కన్నడలో ఒకటే టెన్షన్. అంకుల్, కుండీ గాల్లో ఉంటే కింద స్లాబు ఆరుతుంది, ఇన్నాళ్ళూ నేల మీద పెట్టినప్పుడే కదా తేమ పట్టిందీ అన్నాను. వెళ్ళేటప్పుడు నాలుగు టమోటాలు పట్టుకెళ్ళారు.

జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి వెళ్ళి పింగాణీ కుండీలు చంకనేసుకుని వచ్చేవాళ్ళూ, మీక్కూడా చెప్తున్నా. ఖాళీ కుండీయే అంత బరువుంటే మట్టి పోశాక ఎవరెత్తుతారు?

ఇప్పుడు ఒక పని చెయ్యండి. టేపు తీసుకుని మీ బొరిగ పిడి కొలిచి, ఎన్ని అంగుళాలో కామెంట్లో పెట్టండి. పక్కనే మీ నడుము ఎలా ఉందో రాయండి. పొట్టి పిడితో ఏళ్ళ తరబడి పనిచేసి నొప్పే లేదన్నవాళ్ళ కామెంటు పైన పిన్ చేస్తాను. నాయనమ్మ పేరు చెప్పేవాళ్ళు మాత్రం ముందు ఊరికి ఫోన్ చేసి, ఆవిణ్ణే అడిగి రండి.