కర్ర టవరు పైన కాంక్రీటు ఎందుకు?

యాంకర్: నార్వేలో మ్యోసా సరస్సు ఒడ్డున బ్రుమున్‌డాల్ అని చిన్న ఊరు. అక్కడ 2019లో 18 అంతస్తుల కర్ర భవనం పూర్తయింది, పేరు మ్యోస్టోర్నెట్. ఎత్తు 85.4 మీటర్లు. సార్, ఫైర్ సర్వీసులో ముప్పై ఏళ్ళు చేశారు. అందులో ఫ్లాట్ ఇస్తే ఉంటారా?

విశ్రాంత అగ్నిమాపక అధికారి: (నవ్వుతూ) మా ఆవిడ ఒప్పుకోదండి. కలప అడితి తగలబడితే ఎలా ఉంటుందో కళ్ళారా చూసినవాణ్ణి.

ఇంజినీర్: అడితిలో సన్న చెక్కలు సార్, మధ్యలో గాలి ఆడుతుంది. పొయ్యిలో లావు మొద్దు పెట్టి చూడండి. తెల్లారి పైనంతా బొగ్గే, గొడ్డలితో కొడితే లోపల చెక్కుచెదరని కర్ర. పలకలు జిగురుతో అతికించి చేసే గ్లూలామ్ దూలమూ అంతే. నిమిషానికి దాదాపు 0.7 మిల్లీమీటర్లు కాలుతుంది, గంటన్నరకు ఆరు సెంటీమీటర్ల చిల్లర. ఆ మందం ముందే కలిపేస్తాం. అక్కడ పెద్ద స్తంభాలు ఒకటిన్నర మీటరు వెడల్పు!

అధికారి: కర్ర సరే. జాయింట్లలో ఇనుమో? ముందు మెత్తబడేది అదే.

ఇంజినీర్: అసలు ప్రశ్న అదీ. కర్రలో గాట్లు కోసి స్టీలు ప్లేట్లు లోపలికి దూర్చి, అడ్డంగా పిన్నులు దిగ్గొడతారు. ఇనుముకు కర్రే దుప్పటి. సందుల్లో వేడికి ఉబ్బి మూసుకునే పట్టీలు పెడతారు.

యాంకర్: అయితే టెన్షన్ లేదంటారు.

ఇంజినీర్: ఉంది, గాలితో. కర్ర బరువు కాంక్రీటులో ఐదో వంతే. పునాదికి హాయి, కానీ టవరు ఊగుతుంది. కూలదు, పైన పడుకున్నవాడికి కడుపులో తిప్పుతుంది. అందుకే పై ఏడు అంతస్తులకు కాంక్రీటు స్లాబులు వేశారు.

అధికారి: బరువు కింద కదా ఉండాలి?

ఇంజినీర్: ఖాళీ బస్సు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, జనం నిండితే నెమ్మదిస్తుంది. ఇదీ అలాంటిదే. అంతా కర్రే అనే పట్టుదల నాకైతే లేదు. కెనడాలోని వాంకూవర్‌లో బ్రాక్ కామన్స్ అని 18 అంతస్తుల యూనివర్సిటీ హాస్టల్, దాని లిఫ్టు కోర్లు, అంటే లిఫ్టు తిరిగే నిలువు గూళ్ళు, కాంక్రీటువే. అమెరికాలోని మిల్వాకీలో 2022లో వచ్చిన అసెంట్ అనే కర్ర టవరుకు 25 అంతస్తులు, కింది ఆరూ కాంక్రీటు.

యాంకర్: మన హైదరాబాద్‌లో?

అధికారి: చెద పట్టదూ!

ఇంజినీర్: చెదకంటే ముందు వాన సార్. కర్ర ప్యానెల్ లారీ దిగిన రోజు నుంచి కప్పు పడేదాకా తడి నిలవకూడదు. జులైలో మన సైట్లలో సిమెంటు బస్తాలకే టార్పాలిన్ సరిగ్గా కప్పరు.