క్యాప్సూల్ ఎండోస్కోపీ: ఖాళీ కడుపు వేరు, శుభ్రమైన పేగు వేరు

"రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదండీ, మళ్లీ ఈ మందు నీళ్లు ఎందుకు?" క్యాప్సూల్ ఎండోస్కోపీకి, అంటే మాత్రలాంటి చిన్న కెమెరా మింగి చిన్నపేగు ఫొటోలు తీయించుకునే పరీక్షకి, వెళ్లే చాలామంది ఇలాగే అడుగుతారు. విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తినకపోతే పొట్ట ఖాళీ అవుతుంది, నిజమే. కానీ చిన్నపేగులో పసరు, జిగురు, నురగ ఊరుతూనే ఉంటాయి.

గొట్టంతో చేసే ఎండోస్కోపీలో ఏదైనా అడ్డొస్తే డాక్టరు నీళ్లు చిమ్మి కడుగుతారు, మురికి లాగేస్తారు. అంటే అది వైపర్ ఉన్న కారు లాంటిది. మనం మింగే క్యాప్సూల్ మాత్రం వైపర్ లేని కారు. దానికి బ్రేకు లేదు, రివర్స్ గేరూ లేదు. దాదాపు 6 మీటర్ల దారి, పేగు ఎటు తోస్తే అటే. సెకనుకు 2 ఫొటోలే అనుకున్నా 8 గంటల్లో 57,600. అద్దం మసకబారితే అన్నీ మసకే.

తెర మీద ఈ ఫొటో చూడండి. మఖమల్ గుడ్డలా కనిపిస్తున్నది పేగు గోడ. దాని ముందు పచ్చటి నీళ్లలో ఒక బుడగ. దాని వెనకాల గుండుసూది తలంత ఎర్ర మచ్చ ఉందనుకోండి, రక్తం కారేది అక్కడి నుంచే అయితే? ఆ బుడగలు పగలడానికే సిమెథికోన్ ఇస్తారు. పేగు కడగడానికి పీఈజీ అనే విరేచనాల పొడి కలిపిన నీళ్లు, చాలాచోట్ల 2 లీటర్లు. తాగడం కష్టమే, ఒప్పుకుంటాను. అయినా దయచేసి సగంలో ఆపకండి.

ఇక ఐరన్ మాత్రలు. ఈ పరీక్షకు వచ్చేవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లే ఎక్కువ, కాబట్టి ఆ మాత్రలు వాడుతూనే ఉంటారు. ఆపమంటే భయపడతారు. కానీ ఐరన్ పేగులో నల్లగా పేరుకుంటుంది, అద్దం మీద తారు చిమ్మినట్టే. మామూలుగా వారం ముందు నుంచి ఆపమంటారు. ముందురోజు ఎర్ర రంగు పానీయాలూ వద్దు, రక్తమని పొరబడతారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపకండి, డాక్టర్ని అడగండి. క్రోన్స్ జబ్బు (పేగు వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్నా, పొట్ట ఆపరేషన్ అయినా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. పేగు ఇరుకైన చోట క్యాప్సూల్ చిక్కుకోవచ్చు. అలాంటి అనుమానం ఉంటే లోపలే కరిగిపోయే క్యాప్సూల్‌తో ముందు దారి చూస్తారు. మింగాక సాధారణంగా 2 గంటలకు నీళ్లు, 4 గంటలకు తేలికపాటి ఆహారం. క్యాప్సూల్ మలంతో బయటికి వచ్చేసిందని తేలేదాకా ఎంఆర్ఐ గదిలోకి అడుగు పెట్టకండి.