గోరువెచ్చనకు లెక్క

శ్రోతలకు నమస్కారం.

పసిబిడ్డకు నీళ్ళు పోసే ముందు మా అమ్మమ్మ మోచేతిని గంగాళంలో ముంచి చూసేది. ఎంత వేడిగా ఉండాలి అని అడిగితే "గోరువెచ్చగా" అనేది. అంకె చెప్పేది కాదు. అయినా ఆ ఒక్క మాట విని పక్కింటావిడ అచ్చం అలాంటి నీళ్ళే కాచేది. అంటే ఆ మాటలో కొలత ఉన్నట్టే కదా. ఆ కొలతను యంత్రానికి ఎలా చెప్పాలి? ఈ కొద్ది నిమిషాలూ ఆ సంగతే మాట్లాడతాను.

తెలుగులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. పచ్చికాయకూ పండుకూ నడుమ దోరకాయ ఉంది. వేయించడంలోనూ దోరగా వేయించడం ఉంది. ఒక మోస్తరు, కాస్త, ఇంకాస్త, నులివెచ్చన. మామూలు కంప్యూటరు తర్కంలో వీటికి చోటు లేదు. అందులో ఉన్నవి రెండే: అవును, కాదు. కాయైతే కాయ, పండైతే పండు. దోరకు కూడా చోటిచ్చిన తర్కం పేరు ఫజీ లాజిక్. బాకూలో పుట్టి, అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన లోత్ఫీ జాదే 1965లో దీనికి పునాది వేశారు. ఫజీ అంటే మసక. ఆ పేరు విని చాలామంది ఇంజినీర్లు మొదట్లో ముఖం తిప్పుకున్నారు. నిజానికి ఇందులో మసకగా ఉండేవి మన మాటలే. లెక్క మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది.

ఆ లెక్క నాకు బాగా అర్థమైంది పర్లాకిమిడి దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో. ఒడిశాలోని మన గంజాం, గజపతి జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఒడియాలో ఉషునా అంటారు. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, అప్పుడు మర పడతారు. చివరి దఫా ఆరబెట్టడం దగ్గరే పనితనమంతా ఉంది. గింజలో తేమ సుమారు 14 శాతానికి దిగాలి. తొందరపడి వేడి పెంచితే గింజ లోపల పగుళ్ళు పడి, మరలో నూక అవుతుంది. నెమ్మదిగా పోతే ఆవిరి కోసం మండించే ఊక దండగ, పొద్దు దండగ.

అక్కడ ముప్పై ఏళ్ళుగా డ్రైయర్, అంటే ధాన్యం ఆరబెట్టే యంత్రం, చూసుకుంటున్న పెద్దాయన ఉన్నారు. నేను బాబాయి అని పిలుస్తాను. ఆయన గుప్పెడు ధాన్యం తీసి, ఒక గింజను పొట్టు ఒలిచి పంటి కింద పెడతారు. టక్కుమని విరిగితే ఆరినట్టు. పంటి కింద మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. ఆ రెంటికీ నడుమ ఇంకో చప్పుడు ఉందట. అది విన్నాక డ్రైయర్‌కు వేడినిచ్చే ఆవిరి వాల్వు మీద చెయ్యి వేసి, కొద్దిగా, చాలా కొద్దిగా తిప్పుతారు.

"ఎంత తిప్పాలి బాబాయీ?" అన్నాను.

"గింజ అడిగినంత, మాస్టారూ" అన్నారు.

ఆ జవాబును లెక్కలో పెట్టి చూద్దాం. అంకెలు వివరణ కోసం నేను పెట్టుకున్నవి. తేమ 14 శాతం ఉంటే గింజ పూర్తిగా ఆరింది. 18 శాతం ఉంటే పూర్తిగా "కాస్త తడి". మరి 17 ఉంటే? మామూలు తర్కం ఎక్కడో ఒక గీత గీసి, అటా ఇటా అని అడుగుతుంది. ఫజీ లాజిక్ ఇలా అంటుంది: 14 నుంచి 18 దాకా నాలుగు మెట్లు, 17 మూడో మెట్టు; కాబట్టి ఈ గింజ ముప్పావు వంతు కాస్త తడి, పావు వంతు ఆరింది. రెండూ ఒకేసారి నిజమే. ముప్పావు నిజం, పావు నిజం. మన ముసలివాళ్ళు వీసం, పరక, పావు, ముప్పావు అని లెక్కలు చెప్పినవాళ్ళు. వాళ్ళకు ఇది వింతగా తోచదు.

ఇప్పుడు బాబాయి సూత్రాలు రెండు. గింజ ఆరితే ఆవిరి వాల్వు ఇరవై వంతులు చాలు. గింజ కాస్త తడిగా ఉంటే అరవై కావాలి. నూటికి అనుకోండి. మన గింజ విషయంలో రెండు సూత్రాలూ పని చేస్తాయి, ఎవరి వాటా వారిది. అరవైలో ముప్పావు నలభై అయిదు. ఇరవైలో పావు అయిదు. రెండూ కలిపితే యాభై. వాల్వు యాభై దగ్గర ఉండాలి. తేమ 16కు దిగితే సగం సగం, వాల్వు నలభైకి వస్తుంది. 15కు దిగితే ముప్పై. ఎక్కడా గభాలున మూసుకోదు, గభాలున తెరుచుకోదు. బాబాయి చెయ్యి తిరిగినట్టే తిరుగుతుంది.

ఒక్క పొరపాటు మాత్రం చేయకండి. ముప్పావు తడి అంటే నాలుగు గింజల్లో మూడు తడిగా ఉండే అవకాశం అని కాదు. రేపు వాన పడుతుందా అన్నది అవకాశం. అది రేపటితో తేలిపోతుంది. దోరకాయ దోరతనం మాత్రం ఎంతసేపు చూసినా దోరతనమే.

ఈ పద్ధతిని మొదట యంత్రానికి ఎక్కించింది ఇబ్రహీం మమ్దానీ. టాంజానియాలో పుట్టి, మన దేశంలో చదువుకొని లండన్ వెళ్ళిన మనిషి. 1970ల నడుమ, శిష్యుడు అసిలియాన్‌తో కలిసి ప్రయోగశాలలోని చిన్న ఆవిరి ఇంజనును మనిషి మాటల్లాంటి సూత్రాలతోనే నడిపించారు. తొలి ప్రయోగం కూడా ఆవిరి మీదే జరిగిందని తెలిసినప్పుడు, బాబాయి వాల్వు గుర్తొచ్చి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. తర్వాత డెన్మార్కు వాళ్ళు సిమెంటు బట్టీలకు పెట్టారు. 1987లో జపానులోని సెండాయ్ నగరంలో భూగర్భ రైలుకు పెట్టారు. నిలబడ్డవాళ్ళు తూలకుండా రైలు ఆగేలా బ్రేకు వేసే పని దానిది. ఆపైన బట్టలు ఉతికే యంత్రాల్లోకీ వచ్చింది.

ఇప్పుడు ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఒక్క మాట. ఏటా మీరు ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడి సూత్రాలో ఎత్తి రాస్తారు. బరంపురంలో పట్టుకు రంగు అద్దేవాళ్ళున్నారు, అప్పడాల పిండి కలిపేవాళ్ళున్నారు. ఒక నోటుపుస్తకం తీసుకొని వాళ్ళ దగ్గర కూర్చోండి. "ఎంత" అని అడగవద్దు. "ఎప్పుడు ఎక్కువ చేస్తారు, ఎప్పుడు తగ్గిస్తారు" అని అడగండి. వాళ్ళ మాటను వాళ్ళ మాటగానే రాయండి. అంకెలు తర్వాత వేసుకోవచ్చు.

నేనూ ఇద్దరు విద్యార్థులూ అలాగే బాబాయి దగ్గర కూర్చున్నాం. మొదటి పూట ఏడు సూత్రాలు వచ్చాయి. మా పిల్లవాడు "తడి ఎక్కువ" అని రాసుకుంటే ఆయన ఆపారు. నానబెట్టిన తడి వేరు, వానాకాలం గాలి పట్టిన తడి వేరు, రెండూ ఒకే గడిలో రాయవద్దు అన్నారు. తేమ కొలిచే మీటరు ఆ రెంటికీ ఒకే అంకె చూపిస్తుంది. కాబట్టి గాలిలో తేమకు ఇంకో గడి గీశాం. ఏడు సూత్రాలు పద్నాలుగయ్యాయి. ఆయన వచ్చే ఏడాది పని మానుకుంటున్నారు. ఈ ఆదివారం మళ్ళీ వెళుతున్నాం, ఆ నడుమ చప్పుడు సంగతి రాసుకోవడానికి.

నమస్కారం.