మెర్లో తియ్యన కాదు, మెత్తన

[గ్లాసు కెమెరాకు దగ్గరగా]

"మెర్లోనా? అది తియ్యగా ఉంటుంది కదా!" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉండదండీ. మెర్లో అనే ద్రాక్షతో చేసే ఈ రెడ్ వైన్ మామూలుగా డ్రై, అంటే తీపి లేనిది. ద్రాక్షలోని చక్కెరను దాదాపు మొత్తం ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తుంది.

మరి తీపి అనిపిస్తుందెందుకు? వాసన వల్ల. ప్లమ్, నల్ల చెర్రీ, బాగా పండితే కాస్త చాక్లెట్. ముక్కుకు పండు తగలగానే నాలుక తీపి అని తొందరపడుతుంది. నమ్మకపోతే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. పండు మాయమై పులుపు, కొంచెం వగరు మిగులుతాయి.

[టీ కప్పు చూపించాలి]

ఆ వగరు గురించే ఈ వీడియో. పాలు, చక్కెర లేని టీ తీసుకోండి. ఆకు ఐదు నిమిషాలు ఎక్కువ నానిందా, నోరు పిడచకట్టుకుపోతుంది. చిగుళ్ళ మీద ఎవరో గరుకు గుడ్డతో రుద్దినట్టుంటుంది. అది టానిన్ పని. రెడ్ వైన్‌లో అది తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది.

కాబెర్నే సావిన్యాన్ అని ఇంకో రెడ్ వైన్ ద్రాక్ష ఉంది. దాని పండు చిన్నది, తొక్క మందం. అంటే కొంచెం నీళ్ళలో గుప్పెడు ఆకు. మెర్లో పండు పెద్దది, తొక్క పలచన. అంటే అదే కప్పులో ఆకు తగ్గింది. అందుకే నోట్లో మెత్తగా జారుతుంది. ఈ రెండూ కాబెర్నే ఫ్రాంక్ అనే ద్రాక్షకు పిల్లలే, రెండో పక్క మాత్రం వేర్వేరు. సవతి అన్నదమ్ములన్నమాట.

ఇక్కడ రెండో అపోహ: మెత్తనిది కాబట్టి పస లేనిది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం అని. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, నదికి కుడి ఒడ్డున పొమెరోల్ ఉంది. అక్కడి పెట్రూస్ అనే వైన్ దాదాపు పూర్తిగా మెర్లోనే. ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లలో అదొకటి. అక్కడిది చల్లటి బంకమన్ను. ఆలస్యంగా పండే కాబెర్నే సావిన్యాన్‌కు ఆ నేలలో పండేంత వేడి దొరకడం కష్టం. మెర్లో దానికంటే ఒకటి రెండు వారాలు ముందే పండుతుంది కాబట్టి గట్టెక్కుతుంది. ఈ తొందరకు శిక్ష కూడా ఉంది: చిగురు ముందే వేస్తుంది, మంచుకు దొరికిపోతుంది. 1956 చలికి బోర్డోలో మెర్లో తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి.

మరి చెడ్డపేరు ఎందుకొచ్చింది? వేడి ప్రాంతాల్లో కోత ఆలస్యమైతే పులుపు పడిపోయి జామ్‌లా తయారవుతుంది. అలాంటివి నాకూ పడవు. ఇంకో తమాషా ఉంది. చిలీలో ఏళ్ళ తరబడి మెర్లో అనుకుని పెంచిన తీగల్లో చాలా తీగలు కార్మెనేర్ అనే వేరే ద్రాక్ష అని 1994లో ఫ్రెంచ్ నిపుణుడు జాన్-మిషెల్ బుర్సికో గుర్తుపట్టాడు. డబ్బా మీద ఒక టీ పేరు, లోపల ఇంకో ఆకు!

[గడియారం వైపు చూసి]

అయ్యో, తిండి సంగతి మిగిలిపోయింది. మళ్ళీ టీ దగ్గరికే. వగరు టీలో పాలు పోస్తే ఏమవుతుంది? పాలలోని ప్రొటీన్ టానిన్‌ను పట్టేసుకుంటుంది, వగరు తగ్గుతుంది. వైన్‌తో చీజ్, మాంసం చేసేదీ దాదాపు అదే. అయితే మెర్లోలో ఆకు ముందే తక్కువ కాబట్టి పాలు కూడా తక్కువే చాలు. కొవ్వు కారే పెద్ద స్టేక్ పెడితే వైన్ కనబడకుండా పోతుంది. రోస్ట్ చికెన్, బాతు, వేయించిన పుట్టగొడుగులు, మరీ ఘాటులేని చీజ్ సరిపోతాయి. టమాటా సాస్ పాస్తా నాకు ఇష్టం, పులుపుకు పులుపు తోడు.

చకచకా మిగతావి. మంట పుట్టే కారంతో వద్దు, 13, 14 శాతం ఆల్కహాల్ ఆ మంటను ఎగదోస్తుంది. నూనె ఎక్కువున్న చేపతో తాగితే నోట్లో ఇనుప రుచి రావచ్చు. కేకుతో అసలే వద్దు, ఆ తీపి ముందు వైన్ పుల్లగా తేలిపోతుంది.

వడ్డించేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. గది వెచ్చగా ఉంటే సీసాను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఐస్ ముక్కలు మాత్రం వేయకండి బాబూ, చేసిన టీలో చన్నీళ్ళు కలిపి "ఇది పలచగా ఉందేంటి" అన్నట్టుంటుంది.