మిద్దె మీద మిరప, సీసాలో కారం

అందరికీ నమస్కారం. మిద్దె తోటల వాళ్లు ఇంతమంది వచ్చారు కాబట్టి ముందే ఒక లెక్క చెప్పేస్తాను. మూడు నాలుగు కిలోల పండు మిర్చి ఎండితే కిలో ఎండు మిర్చి అవుతుంది. కుండీలో మొక్క సీజన్ మొత్తానికి కిలో పండు కాయలు ఇచ్చిందంటే గొప్పే. అంటే పది కుండీలు పెట్టినా ఏడాదికి సరిపడా కారం రాదు. దానికి మలక్‌పేట్ గంజ్‌కి వెళ్లి కాయలు కొనుక్కోవాల్సిందే. మిద్దె మీద పండేది వేడి అన్నంలో వెల్లుల్లి కారం కలుపుకోవడానికి సరిపడే ఒక సీసా కారానికి. ఒక్క సీసా కోసం ఇంత కష్టమా అంటారా? నన్నడిగితే అవుననే అంటాను.

జూన్‌లో తొలకరి పడగానే నారు పోయండి. ఆరు వారాల తర్వాత పన్నెండు అంగుళాల కుండీల్లోకి మార్చండి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు చాలు. నీళ్ల దగ్గరే మనవాళ్లకి ప్రేమ ఎక్కువ. పైమట్టి ఆరనివ్వకుండా రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. ఇక ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాయ నిలవలేదని టెన్షన్ పడి మందులు కొట్టకండి, అది తెగులు కాదు.

ఏ రకం వేయాలని అందరూ అడుగుతారు. ఘాటు కావాలంటే తేజ. రంగు కావాలంటే బ్యాడిగి, లేదా మన వరంగల్ చపాటా. గుండ్రంగా ఉంటుందని దీన్నే టమాటా మిర్చి అని కూడా అంటారు, 2025లో దీనికి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంటగా గుర్తింపు, వచ్చింది. రెండు పాళ్లు చపాటా, ఒక పాలు తేజ కలిపి దంచిన కారం నాకిష్టం. కిరాణా కొట్లో కొన్న ఎండు మిర్చి గింజలూ మొలుస్తాయి గానీ, అది హైబ్రిడ్ అయితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు.

అసలు తలనొప్పి ఆకుముడత. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి (మంచాల్లోది కాదు, మొక్కల మీది మైట్). రెండూ రసం పీల్చేవే, కానీ మందులు వేరు. చూడకుండా కొట్టడం దండగ. 2021-22లో తెలంగాణ, ఆంధ్ర రైతుల్ని ముంచేసిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. పువ్వుని తెల్లకాగితం మీద దులిపితే కనిపిస్తుంది. మిద్దె మీద మనకి నీలం జిగురు అట్టలు, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు సరిపోతాయి. సాయంత్రం పూట, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టాలి. చిలకలకి మాత్రం వల కట్టాల్సిందే. మనల్ని మండించే క్యాప్సైసిన్ పక్షులకి తెలియదు, హాయిగా తినిపోతాయి.

కారం రుచి తేలేది ఎండబెట్టే దగ్గర. కాయ చెట్టుమీదే పూర్తిగా ఎర్రబడి, కాస్త వడిలాక కోయండి. పచ్చి చార ఉన్నప్పుడు కోస్తే తెల్లబడి తాలుకాయ అవుతుంది. కోసినవి కవర్లో ఉంచకండి, ఒక్క రాత్రిలో చెమ్మపడతాయి. శుభ్రమైన గుడ్డ మీద ఒకే వరసగా పరిచి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చేయండి. ఊపితే గింజలు గలగలలాడాలి, విరిస్తే పుటుక్కున విరగాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ విషం, వేయించినా పూర్తిగా పోదు. అందుకే బూజు కాయల్ని బూజు దులిపి వాడుకుందాం అనుకోవద్దు, పారేయండి.

తొడిమలు తీశాక మళ్లీ ఒక మధ్యాహ్నం ఎండలో పెట్టి, అవి కరకరలాడుతుండగానే దంచండి. రోలు లేకపోతే మిక్సీ, కానీ ఆపి ఆపి తిప్పండి, జార్ వేడెక్కితే వాసన మారుతుంది. మూత వెంటనే తీయకండి, కారం కిందికి దిగనివ్వండి. కాస్త ఎక్కువ కాయలుంటే గిర్నీకి పట్టుకెళ్లండి, అంతకు ముందు ఏం ఆడించారో అడిగి మరీ పోయండి. వెలుతురుకి రంగు పోతుంది కాబట్టి గాజు సీసాని అలమరలో పెట్టుకోండి. వెల్లుల్లి మాత్రం సీసాలో కలపకండి, వారానికి సరిపడా తీసి అప్పటికప్పుడు నూరుకోండి. చేతులు మండితే నీళ్లు పని చేయవు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి.

ముడత ఆకులు తెచ్చినవాళ్లు ఈ బల్ల మీద పెట్టండి. ఒక్కొక్కటే తిప్పి చూద్దాం.