ఒక సైకిలు, ఇద్దరు మనుషులు, చెరో కాలు

శ్రోతలకు నమస్కారం.

స్పోర్ట్స్ సైన్స్‌లో డిగ్రీ చేస్తానని పిల్లలు ఇంట్లో చెప్పగానే, పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే. "ఆటలాడుకోవడానికి కూడా డిగ్రీ కావాలా?" నేను చేరేటప్పుడు ఈ మాట విన్నాను. ఇప్పుడు నా దగ్గర చదువుకుంటున్న పిల్లలూ వింటున్నారు. అలా అడిగేవాళ్లను తప్పుపట్టను. పేరు వినగానే ఎవరికైనా మైదానమే కళ్ల ముందు మెదులుతుంది. కానీ ఈ చదువులో చాలా భాగం గడిచేది ల్యాబ్‌లో. ఇది కొలవడం నేర్పే చదువు. పరుగెత్తుతున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో కొలవాలి. కొలిచాక, ఆ కొలతను నమ్మవచ్చా లేదా అని తేల్చుకోవాలి. కష్టమంతా ఆ రెండో పనిలోనే ఉంది.

నాకు ప్రాణమైన ఉదాహరణ ఒకటుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే చెబుతాను. ఈ రోజు మీకూ చెబుతాను.

1960ల మధ్య కాలం, స్వీడన్ దేశం. యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అని ఇద్దరు డాక్టర్లు. వాళ్లకు కండరంలో ఉండే గ్లైకోజెన్ మీద ఆసక్తి. మనం తిన్న పిండి పదార్థం చక్కెరగా మారుతుంది కదా, అందులో అప్పటికప్పుడు ఖర్చు కానిది కండరాల్లో, కాలేయంలో నిల్వ చేరుతుంది. ఆ నిల్వ పేరే గ్లైకోజెన్. పరుగు తీసినా, సైకిలు తొక్కినా ఆ నిల్వ కరుగుతుంది. మరి ఒంట్లో సత్తువ అయిపోయేదాకా శ్రమ చేసి, తర్వాత బాగా తింటే, ఆ నిల్వ మళ్లీ ఎంత నిండుతుంది? మునుపు ఉన్నంతేనా, ఇంకా ఎక్కువా?

కండరం లోపలికి చూడటానికి ఒక సాధనం అప్పటికే ఉంది. సన్నని గొట్టంలాంటి సూది. దానితో కండరం ముక్క తీసే పద్ధతిని 1962లో బెర్గ్‌స్ట్రోమే మళ్లీ వాడుకలోకి తెచ్చాడు. తొడ మీద చర్మానికి మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి, సూదిని లోపలికి దించి, గింజంత కండరాన్ని బయటికి తీస్తారు.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. ఒక మనిషి చేత శ్రమ చేయించి, ఇంకో మనిషిని ఊరికే కూర్చోబెట్టి, ఇద్దరి కండరాలూ పోల్చారనుకుందాం. తేడా కనిపిస్తే అది శ్రమ వల్లే వచ్చిందని ఎలా చెప్పగలం? ఇద్దరి ఒళ్లూ ఒకటి కాదు. తిన్న తిండి, పోయిన నిద్ర, వయసు, ఏదీ ఒకటి కాదు. తేడా వాటిలో దేని వల్లయినా రావచ్చు.

అప్పుడు వాళ్లు ఏం చేశారంటే, ఒకే వ్యాయామ సైకిలుకు ఒకరు ఇటువైపు, ఒకరు అటువైపు చేరారు. చెరో కాలితో తొక్కారు. రెండో కాలికి పని లేదు. తొక్కుతున్న కాలు ఇక నా వల్ల కాదనేదాకా తొక్కారు. ఆ తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలు దండిగా ఉన్న తిండి తిన్నారు. తమ రెండు తొడల్లోనూ తామే సూదులు దింపించుకుని ముక్కలు తీయించుకున్నారు.

ఒక సైకిలు, ఇద్దరు మనుషులు, చెరో కాలు. దీని వెనకున్న తెలివిని ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక్కో మనిషినే తీసుకుంటే, రెండు కాళ్లకూ అందింది ఒకటే రక్తం. తిన్నది ఒకటే తిండి. పడుకున్నది ఒకటే నిద్ర. తేడా ఒక్కటే, ఈ కాలు తొక్కింది, ఆ కాలు తొక్కలేదు. మూడు రోజుల తర్వాత చూస్తే, పనిచేయని కాలిలో నిల్వ పెద్దగా మారలేదు. పనిచేసిన కాలిలో మాత్రం దానికి దాదాపు రెట్టింపు చేరింది. అంటే, 'ఇంకా నింపుకో' అని చెప్పేదేదో ఆ కండరంలోనే ఉంది. రక్తంలో ఉంటే రెండో కాలికీ అందేది కదా! 1966లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఈ ఫలితం అచ్చయింది. మారథాన్ పరుగువాళ్లు పోటీకి ముందు రోజుల్లో పిండి పదార్థాలు పెంచి తినడం వెనక ఈ పరిశోధన ఉంది.

నాకు ఆ జవాబు కన్నా, ప్రశ్న వేసిన తీరు ఇష్టం. దేన్ని దేనితో పోల్చాలి? డిగ్రీ పొడవునా ఇదే ప్రశ్న. ఎన్ని సబ్జెక్టులు చదివినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాం. లండన్ బస్సు సిబ్బంది మీద జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టర్ 1953లో అచ్చువేసిన పరిశోధన సంగతీ అంతే. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని తేలింది. మోరిస్ అంతటితో ఆగలేదు. అసలు డ్రైవర్లయినవాళ్లు ముందు నుంచే వేరుగా ఉన్నారేమోనన్న అనుమానంతో, వాళ్ల యూనిఫారాల కొలతలు తీసి చూశాడు. చిన్న వయసు డ్రైవర్ల ప్యాంటు నడుము కూడా, అదే వయసు కండక్టర్ల కంటే ఎక్కువే ఉంది. తన ఫలితాన్ని తానే అలా నిలదీసుకునే నిజాయితీ నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది. మనుషులకు రెండు కాళ్లున్నట్టు, రెండు జీవితాలు ఉండవు కదా. అందుకే అక్కడ పోలిక మరీ కష్టం.

ఇక ల్యాబ్ ఎలా ఉంటుందో చెబుతాను. నేను మొదటిసారి వీఓటూ మ్యాక్స్ పరీక్షకు ట్రెడ్‌మిల్ ఎక్కిన రోజు బాగా గుర్తుంది. శరీరం నిమిషానికి ఎక్కువలో ఎక్కువ ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచే పరీక్ష అది. ముఖానికి మాస్కు బిగించారు. రబ్బరు వాసన. ఛాతీకి పట్టీ. కొద్ది కొద్ది నిమిషాలకు ట్రెడ్‌మిల్ వాలు పెంచుతున్నారు. మాస్కులో మాట రాదు కాబట్టి ఎదురుగా ఒక చార్టు పట్టుకుంటారు. దాని మీద 6 నుంచి 20 దాకా అంకెలు. ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించాలి. స్వీడన్ సైకాలజిస్టు గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలమానం అది. 6 నుంచి ఎందుకు మొదలైందంటే, ఆ అంకెను పదితో గుణిస్తే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో సుమారుగా తెలియాలని. నా వేలు 19 దగ్గర ఆగినప్పుడు, పక్కనున్న స్నేహితురాలు "ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం" అని అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

రెండో ఏడాదిలో, అదే యంత్రం దగ్గర ఒక పొరపాటు చేశాను. పరీక్షకు ముందు యంత్రాన్ని సరిచూడాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం ఉంటుంది. యంత్రం కూడా అదే చూపిస్తోందో లేదో చూసుకోవాలి. తొందరలో ఆ పని వదిలేశాను. ముగ్గురు మనుషులు చెమటలు కక్కుతూ పరుగెత్తాక తెలిసింది, ఆ అంకెలు ఎందుకూ పనికిరావని. వాళ్ల ముఖాల్లోకి చూడటానికి మనసొప్పలేదు. ఆ రోజు నుంచి మొదట యంత్రం, తర్వాతే మనిషి. నా పిల్లలకూ ఇదే చెబుతాను. మొదట యంత్రం, తర్వాతే మనిషి.

సబ్జెక్టుల సంగతి క్లుప్తంగా. అనాటమీ అంటే శరీర నిర్మాణం, ఫిజియాలజీ అంటే శరీరం పనిచేసే తీరు, బయోమెకానిక్స్ అంటే ఒంటి కదలికల లెక్క, ఇంకా సైకాలజీ, పోషకాహారం, స్టాటిస్టిక్స్, చివర్లో సొంతంగా ఒక ప్రాజెక్టు. చాలా దేశాల్లో మూడేళ్లు, కొన్నిచోట్ల నాలుగేళ్లు. మీరు మంచి ఆటగాళ్లు అయి ఉండనక్కర్లేదు. ఇంకో మాట, చేరేముందే తెలుసుకోవాల్సింది. ఈ డిగ్రీతో ఫిజియోథెరపిస్టు అవ్వరు. దానికి వేరే చదువు, వేరే గుర్తింపు ఉంటాయి. రెండూ ఒకటేనని చేరి, చివరి ఏడాదిలో బాధపడినవాళ్లను చూశాను.

పిల్లలకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది స్టాటిస్టిక్స్. దానికి నేను చెప్పే మందు ఒకటుంది. చేరడానికి ఒక నెల ముందు మొదలుపెట్టాలి. రోజూ పొద్దున్నే, మంచం దిగకముందే మీ నాడి లెక్కపెట్టండి. మణికట్టు మీద బొటనవేలి వైపు, చూపుడు వేలూ మధ్య వేలూ ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరిపోదా అంటారు. ఒక్క కొట్టుడు తప్పినా అది నాలుగవుతుంది. వచ్చిన అంకె రాయండి. పక్కనే, రాత్రి ఎంతసేపు పడుకున్నారో, ముందు రోజు ఎంత శ్రమ చేశారో ఒక ముక్క రాయండి.

30 రోజులయ్యాక ఆ పేజీ చూడండి. 64, 67, 63, ఒక రోజు ఉన్నట్టుండి 75. ఆ 75 పక్కన ఏం రాసుందో చూడండి. నిద్ర లేదా? జలుబు మొదలైందా? లేక లెక్క తప్పారా? సగటు తీయండి. ఆ సగటు చుట్టూ మీ అంకెలు ఎంత దూరం ఊగాయో చూడండి. క్లాసులో స్టాండర్డ్ డీవియేషన్ అని బోర్డు మీద రాసినప్పుడు, మీకు గుర్తొచ్చేది ఆ పేజీయే. నా దగ్గర ఇలా రాసుకొచ్చిన పిల్లలెవరూ ఆ క్లాసులో వెనక బెంచీకి వెళ్లి కూర్చోలేదు.

కాబట్టి ఈ రాత్రి పడుకునే ముందు, చెయ్యి చాపితే అందేలా ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, సెకన్ల ముల్లున్న గడియారం పెట్టుకోండి. పేజీ పైన రేపటి తేదీ ఇప్పుడే రాసేయండి.

సెలవు. నమస్కారం.